దవడలు చదివిన ఖాసిం సాబు

చొక్కాకు ఒక్క గుండీ కుట్టడానికి రాంగోపాల్‌పేట దర్జీలకు వారం రోజులు ఎందుకు పడుతుందో పెద్దలెవరైనా విచారించవలసి ఉంది. మొన్న నేనీ విషయమై మా దర్జీతో వాదిస్తుండగా, అతడు సూది ఆపకుండానే, "మౌలాలిల ఖాసిం సాబ్ పోయిండు సార్, మీకెరికేనా?" అన్నాడు. ఇలాంటి చోట నిశ్చేష్టుడనయ్యానని రాయడం ఆచారం. నిజానికి గుండీ గురించి మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేసి, ఆ తర్వాతే నిశ్చేష్టుడనయ్యాను.

ఖాసిం సాబు కంటోన్మెంటులో ఒక ఇంగ్లీషు దొరల మెస్సులో ముప్ఫై ఏళ్ళు బట్లరు. దొరలు వెళ్ళిపోయారు, మెస్సు మూతపడింది, ఆయనకు పని పోయింది. అప్పట్లో నేనొక విదేశీ సరుకుల దుకాణంలో గుమాస్తాను. సీసాల మీది కాగితాలు పైకి చదవడానికి నా బి.ఏ. పట్టా అక్కరకు వచ్చేది. ఆస్ట్రేలియా నుంచి ఓడలో వచ్చిన ఒక చిక్కటి ఎర్ర వైనును, రక్తం పడుతుందని చెప్పి బాలింతల భర్తలకు అమ్మేవాణ్ణి.

పోలీసు చర్య ముగిసిన కొన్ని వారాలకు మా యజమాని కొత్తగా వచ్చిన సైన్యాధికారులకు మధ్యాహ్న విందు తలపెట్టి, ఏర్పాట్లు నాకు అప్పగించాడు. నేను వైనును మంచుగడ్డల్లో పెట్టించి, దానికి జతగా గోంగూర మాంసం నిర్ణయించాను. సాయానికి పిలిపించిన ఖాసిం సాబు సీసాలను ఒక్కొక్కటే మంచులోంచి తీసి గుడ్డతో తుడవసాగాడు.

"ఇదేంది సాబ్?" అన్నాను.

"ఇది వగరు మందు సార్. సల్లగ జేస్తే వగరు ఇంకింత లేస్తది. పులుపు మీద పోస్తిరా, నోట్లె కొట్లాటే! వగరుకు కొవ్వు గావాలె. పొట్టేలు తొడ, నల్ల మిరియాలు, జెర పొగ వాసన. గోంగూర మీ ఇంట్ల తినుండ్రి."

"మీరెప్పుడన్న తాగిండ్రా?"

"తోబా తోబా! నేనెందుకు తాగుత? ముప్ఫై ఏండ్లు తాగెటోళ్ల దవడలు జూసిన."

ఈ శాస్త్రాన్ని ఇంతకంటె క్లుప్తంగా ప్రవచించినవారిని నేనెరుగను. దవడ బిగిస్తే వంటకం తప్పు, వదులైతే ఒప్పు. రాతి పలక మీద కాల్చిన మాంసం, షికంపూర్ కబాబు, ఎముకలోని మూలుగ: ఆ సీసాకు తగినవన్నీ ఆ రసజ్ఞుడు చుక్క ముట్టకుండా పరుల ముఖాలలో పఠించినవే.

విందు దిగ్విజయమైంది. "ఈ ఏర్పాటు ఎవరిది? మా మెస్సుకు అలాంటి మనిషి కావాలి" అన్నాడొక కర్నలు. ఖాసిం సాబు నా వెనుకే, రెండు చేతులా పళ్ళేలతో నిలబడి ఉన్నాడు. ఆ ఉద్యోగం ఆయన ఇంటిల్లిపాదికీ అన్నమని నాకు తెలుసు.

"నేనేనండీ" అన్నాను.

ఆ రోజుల్లో ఒక ముస్లిం పేరు అధికారుల చెవిన వేయడం ఆయనకే ప్రమాదమని తర్వాత ఒక కారణం కనిపెట్టాను. కారణం బాగానే ఉంది. కొంచెం ఆలస్యంగా దొరికింది, అంతే.

ఉద్యోగంలో నేను చేరాను. ఆయన మౌలాలి స్టేషను బయట టీ కొట్టు పెట్టాడు. ముఖం చెల్లక చాలా రోజులు అటు పోలేదు. చివరికి, అవసరం సిగ్గును జయించగా, వెళ్ళాను. ఆయన నిష్ఠూరం ఆడలేదు. "మంచిగైంది సార్. చేప వండిన్నాడు మాత్రం ఆ సీస తియ్యకుండ్రి, నోట్లె ఇనుము నాకినట్టుంటది" అన్నాడు. ఆనాటి నుంచి ప్రతి పెద్ద విందుకు ముందూ ఆ కొట్టు బల్ల మీద కూర్చుని ఆయన విద్యను మోసుకుపోయాను. ప్రశంసలు మాత్రం స్వయంగానే స్వీకరించాను.

మహనీయులు గతించినప్పుడు వారి స్థానం ఎవరూ భర్తీ చేయలేరని రాస్తారు. ఖాసిం సాబు విషయంలో ఆ మాట రాసే యోగ్యత నాకు లేదు. ఆయన స్థానాన్ని ఆయన బతికుండగానే నేను భర్తీ చేశాను.

నిన్న మౌలాలి వెళ్ళాను. కొట్టు ఇప్పుడు ఆయన పెద్ద కూతురు రజియా నడుపుతోంది. మీ నాన్నగారి గురించి పత్రికకు రాస్తున్నాను, ఫొటో ఏదైనా ఉంటే ఇమ్మని అడిగాను. ఆమె టీ వడగట్టడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"ఆనాడు మా అబ్బాజాన్ పేరు ఒక్కటి చెప్పనీకి నీకు నోరు రాలే సారూ. ఇయ్యాల గింతగనం రాసి ఎవరికి జూపెడతవ్?"