చేతులెత్తిన గడియారం

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. కెనడాలో, విండ్సర్‌లోని ఒక లాంగ్ టర్మ్ కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్లు చివరిదాకా ఉండే చోట, నర్సుగా చేస్తున్నాను. అక్కడికి లూసియెన్ గారు వచ్చారు. ఫ్రాన్స్‌లో పత్రికలకు కార్టూన్లు వేసి, మంత్రుల ముక్కులు సాగదీసి, తిట్లు తిన్న మనిషి. కెనడా ఆవిడని పెళ్లాడి ఇక్కడికొచ్చాక పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేశారు. ఆవిడ పోయాక ఆయనకు మిగిలినవి పెన్నులే. మా భోజనాల గదిలో ఆయన గీయని మొహం లేదు. నా బుగ్గల్ని బూరెలు చేస్తే నవ్వి ఊరుకున్నాను.

ఒకరోజు ఆయనకు క్లాక్ టెస్ట్ పెట్టారు. మతిమరుపు జబ్బు ఉందేమో చూసే పరీక్ష అది. గడియారం గీసి, అంకెలు వేసి, పదకొండు గంటల పది నిమిషాలు చూపించాలి. ఆయన పైజమా తొడుక్కున్న బొద్దు గడియారాన్ని గీశారు. పోలీసుని చూసినట్టు అది రెండు చేతులూ పైకెత్తింది. అంకెలు లేవు. మార్కులు సున్నా. వెంటనే, తాళం వేసి ఉంచే సెక్యూర్ యూనిట్‌కి మార్చమన్నారు. అక్కడ మొనదేలినవేవీ ఉండకూడదట, పెన్నులు అప్పుడే లాగేసుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా మా మేనేజర్ సునీత గారి దగ్గరికి వెళ్లాను. ఆవిడది తెనాలి.

"బొమ్మ సరిగ్గా చూశారా అండీ? పొట్టి చెయ్యి పదకొండు వైపు, పొడుగు చెయ్యి రెండు వైపు ఉన్నాయి. టైమ్ కరెక్టే కదా!"

"అంకెలు లేవు కదా రాణీ. రూల్ అంటే రూల్."

"జన్మంతా బొమ్మలేసిన మనిషిని బొమ్మ గీయమని, గీస్తే తాళం వేస్తారా? ఇదేం న్యాయమండీ?"

ఆవిడ విసుక్కుంటూనే మళ్లీ టెస్ట్ పెట్టడానికి ఒప్పుకున్నారు. లూసియెన్ గారికి చెప్తే మొహం ఎర్రబడింది.

"నన్ను బడిపిల్లాడిలా గీయమంటావా?"

"మీ పెన్నుల కోసం గీయండి, ప్లీజ్."

గీశారు. గుండ్రం, అంకెలు, రెండు ముళ్లు. ఫుల్ మార్కులు. పరీక్ష పెట్టినావిడ చంటిపిల్లాడికి కొట్టినట్టు చప్పట్లు కొట్టి, కింద సంతకం చేయమంది.

"నా బొమ్మల కిందే నేను సంతకం పెడతాను" అని ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

గది దక్కింది, పెన్నులు దక్కాయి. కానీ చాలా రోజులు ఆయన ఎవరి మొహమూ గీయలేదు. మనిషి తెలివిని కొలిచే ముందు, ఆ మనిషి ఏ పని చేసి బతికాడో అడగాలని అప్పుడు తెలిసింది. అడగకుండా మార్కులేసే వాళ్లతో ఈనాటికీ గొడవ పడుతూనే ఉన్నాను. రాణికి నోరెక్కువ అంటారు. అననీ.