ముందస్తు మామయ్య వేసిన పిల్లి

ముందస్తు మామయ్యకి ఒకటే జబ్బు. తను ఏ పని చేయబోయినా, దానివల్ల ఎదుటివాళ్ళకి రాబోయే ఇబ్బంది ఎంత చిన్నదైనా సరే, ముందే చెప్పేయాలి. చెప్పకుండా ఉండమంటే గొంతులో చేపముల్లు ఇరుక్కున్నవాడిలా గింజుకుంటాడు.

గుమ్మంలో అడుగు పెట్టకుండానే, "ముందే చెప్తున్నానమ్మా, చెప్పులకి బురదుంది," అంటాడు. కుర్చీలో కూర్చోబోతూ, "ముందే చెప్తున్నా, లేచేటప్పుడు మోకాలు టప్పుమంటుంది, కంగారుపడకండి," అంటాడు. జోకు చెప్పాలంటే, "ముందే చెప్తున్నా, ఇది మరీ అంత నవ్వొచ్చేదేం కాదు," అని మొదలుపెడతాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అంచనా ఎప్పుడూ తప్పలేదు.

పెళ్ళికి ముందు అత్తయ్యతో పావుగంట విడిగా మాట్లాడుకోమంటే, ఆ పావుగంటా తన గురక గురించే చెప్పాడట. మనిషి అబద్ధాలాడడు, అది చాలనుకుని ఆవిడ ఒప్పుకుంది. గురక మాత్రం చెప్పినదానికి రెట్టింపు ఉందని ఇప్పటికీ ఆవిడ ఫిర్యాదు.

అలాంటి మామయ్య ఒక సోమవారం సాయంత్రం డ్రాయింగు టీచరు ఇంటికొచ్చాడు. ఆమె ఆయనకి స్వయానా అక్క కూతురు.

"ముందే చెప్తున్నానే, నాకు చెయ్యి తిరగదు. కానీ పదకొండు రోజుల్లో నాకు పిల్లి బొమ్మ నేర్పాలి."

"పిల్లే ఎందుకు మామయ్యా? జామకాయతో మొదలుపెడదాం, తేలిక."

"జామకాయతో పని జరగదు. పిల్లే కావాలి."

"ఎవరికి?"

"ఒకళ్ళకి మాటిచ్చాను," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో చుక్క నెత్తురు లేదు.

టీచరు గుండె జారింది. మామయ్యకి బొమ్మలంటే ఎంత భయమో ఆమెకి తెలుసు. నాలుగో తరగతిలో ఆయన వేసిన బొమ్మని మాస్టారు పైకెత్తి పట్టుకుని, ఇదేమిటో చెప్పమని క్లాసులో ఒక్కొక్కళ్ళనీ లేపి అడిగారట. దిండు, కూజా, పడుకున్న తాత... నలభైమందీ నలభై చెప్పారు. గుర్రమని ఒక్కరూ అనలేదు. ఆ రోజు నుంచి ఆయన పెన్సిలుతో రాయడమే గానీ, గీయడమన్నది లేదు.

"ముందు ఒక గుండ్రం, అది తల. కింద కోడిగుడ్డు, అది ఒళ్ళు. పైన రెండు త్రికోణాలు, చెవులు. అంతే మామయ్యా."

మామయ్య పెన్సిల్ని, దొంగ పారిపోకుండా పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మొదటి గుండ్రానికే కాగితం చిరిగింది. మొదటిరోజు పిల్లి, బట్టలు కుక్కిన సంచిలా వచ్చింది. రెండోరోజుది చెవులు మొలిచిన బంగాళాదుంప. మూడోరోజు కళ్ళు పెట్టడం వచ్చింది. ఆ బొమ్మ చూసి అత్తయ్య, "ఏవండీ, దాన్ని బోర్లించండి. నేనేదో తప్పు చేసినట్టు చూస్తోంది," అంది.

అసలు పిల్లిని చూసి వేస్తే బాగుంటుందని టీచరు సలహా ఇచ్చింది. పక్కింటి పిట్టగోడ మీద ఎండ కాచుకుంటున్న పిల్లి ముందు మామయ్య స్టూలు వేసుకుని, "ముందే చెప్తున్నా, కొంచెంసేపు కదలకుండా..." అన్నాడు. మిగతాది వినడానికి పిల్లి లేదు.

"మామయ్యా, పిల్లి గీతలో ఉండదు. గీత ఎక్కడ మెత్తబడిందో అక్కడ ఉంటుంది," అంది టీచరు ఒకసారి, ఆగలేక.

"అది నాకెక్కదే. ఎన్ని అంగుళాలో చెప్పు."

ఆరోరోజుకి ఆయన అన్నం మధ్యలోనే లేచిపోవడం మొదలైంది. పొద్దున్నే ఫోను. "తోక ఎడమకా, కుడికా?" మధ్యాహ్నం బడికి ఫోను. "మీసాలు మూడా, నాలుగా?" పెన్సిలు గీకుడు విన్నా టీచరు ఉలిక్కిపడసాగింది. మొత్తం మీద భయమన్నది జలుబులాంటిది, ఒకళ్ళ పక్కన కూర్చుంటే చాలు. తొమ్మిదోరోజు ఆమె పెన్సిలు లాగేసుకుంది.

"ఇలా ఇయ్యి. నేను వేసిస్తాను, నువ్వు పట్టుకెళ్ళి ఇచ్చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"కుదరదే. వాళ్ళ కళ్ళెదుట నేనే వెయ్యాలి."

అప్పుడు చెప్పాడు. మామయ్యది ఆస్పత్రిలో విరిగిన ఎముకలకి పిండికట్లు వేసి, నయమయ్యాక విప్పే ఉద్యోగం. ముప్ఫై ఏళ్ళుగా అదే గది. అక్కడికి ఆరేళ్ళ పాప వచ్చింది, కాలికి కట్టుతో. శుక్రవారం దాన్ని విప్పాలి. ఇదివరకు చెయ్యి విరిగినప్పుడు, ఇంకెక్కడో, ఎవరో మాటా పలుకూ లేకుండా పట్టుకుని కరెంటు రంపంతో కట్టు కోసేశారు. అప్పటి నుంచి రంపం చూస్తే చాలు, ఆ పాప ఊపిరి బిగబట్టేస్తుంది.

"నీకు భయమేసే పనేదైనా ఉందా తాతా అని అడిగిందే. ఉంది, బొమ్మలెయ్యడం అన్నాను. అయితే నా కట్టు మీద పిల్లిని వెయ్యి, నువ్వు వేస్తే నేను కోయించుకుంటా అంది."

"నువ్వు లేదని చెప్పుండచ్చుగా?"

"ఎలా చెప్పను? ఉందిగా."

"వెయ్యలేకపోతే?"

"నలుగురు పట్టుకోవాలి." మామయ్య కాగితం వైపు చూశాడు. "పాప అరుస్తుంది."

టీచరు పెన్సిలు తిరిగి ఇచ్చేసింది.

పదోరోజు పిల్లి, పిల్లిలాగే వచ్చింది. శుక్రవారం ఉదయం బడికి సెలవు పెట్టి టీచరు కూడా వెళ్ళింది. కట్ల గదిలో కిటికీ ఎండ పిండిధూళితో తెల్లగా నిలబడి ఉంది. గోడకి మేకు, మేకుకి రంపం. బల్ల మీద పాప. పాప చెయ్యి పట్టుకుని వాళ్ళమ్మ.

"ముందే చెప్తున్నానమ్మా, నా చెయ్యి వణుకుతుంది," అన్నాడు మామయ్య స్కెచ్‌పెన్ను మూత తీస్తూ.

వణికింది. పిండికట్టు కాగితంలా నున్నగా ఉండదన్న సంగతి, ముప్ఫై ఏళ్ళు కట్లు కట్టిన ఆయనకీ తట్టలేదు, నేర్పిన టీచరుకీ తట్టలేదు. గరుకులో పడి పెన్ను తట్టుకుంది. ఒక చెవి మోకాలి దాకా పాకింది. తల గుండ్రం ఒకపక్క కూలింది. టీచరు చేతిసంచీని రెండు చేతులా నలిపేస్తోంది. పాప మాత్రం బొమ్మని చూడట్లేదు, వణికే చేతినే చూస్తోంది. నవ్వలేదు.

"తాతా, పోనీ కళ్ళు నేను పెట్టనా?"

"వద్దమ్మా. మాటంటే మాటే."

కళ్ళు పెట్టాడు, మీసాలు పెట్టాడు. ఇక ఒక్క తోక. అది పట్టడానికి చోటు లేక కాలి పక్కకి, సరిగ్గా రంపం నడిచే దారి దాటి అవతలికి పోయింది. గీశాక చూసుకున్నాడు. ఆయన మొహం ఆ కట్టు కంటే తెల్లబడింది.

"పాపా... తోక తెగుతుంది."

పాప పెదవి కొరుక్కుంటూ ఆలోచించింది.

"తెగితే ఇంట్లో అతికిస్తాలే. నువ్వు కొయ్యి."

మామయ్య రంపం తీసి ముందు తన అరచేతి మీదే ఆడించి చూపించాడు. "ఇదిగో, చర్మాన్ని కొయ్యదు. గుర్రుమని గట్టిగా మోత వస్తుంది. చీమలు పాకినట్టుంటుంది. ఇక్కడ కొంచెం వేడెక్కుతుంది, నువ్వు ఐదు లెక్కపెట్టేసరికి చల్లారుతుంది. మోకాలి దగ్గర ఆగుతాను. ఆగానని అయిపోయిందనుకోకు, ఇంకా కొంచెం ఉంటుంది."

గుర్రుమంది. చీమలు పాకాయి కాబోలు, పాప కాలివేళ్ళు ముడుచుకున్నాయి. వేడెక్కినచోట పాప లెక్కపెట్టింది, ఐదుకి చల్లారింది. మోకాలి దగ్గర రంపం ఆగింది. "ఇంకా కొంచెం ఉందిగా," అంది పాప, మామయ్యకి గుర్తుచేస్తున్నట్టు. అమ్మ చేతిని ఎప్పుడు వదిలేసిందో ఎవరూ చూడలేదు.

టీచరుకి అప్పుడు తెలిసింది. ఇంటిల్లిపాదీ విసుక్కునే ఆ 'ముందే చెప్తున్నా' ఈ గదిలో పుట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది పిల్లల గుప్పిళ్ళని విప్పిందో. సాయంత్రం ఇంటికి వస్తూ దాన్ని చెప్పుల్లాగా గుమ్మంలో విడిచి రావడం ఈయనకి చేతకాలేదు, అంతే.

కట్టు రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల కాలు సన్నగా, నిద్రలేచిన మొహంలా ఉంది. అంతలో పెద్ద డాక్టరు తలుపులోంచి తొంగిచూశారు.

"ఓహో, కుక్క భలే ఉందే! ఎవరు వేశారు?"

టీచరు కళ్ళు మూసుకుంది. నలభైమంది పిల్లలు ఆమె చెవుల్లో గొల్లుమన్నారు.

"కుక్క కాదు డాక్టరుగారూ, పిల్లి." ఆ గొంతు మామయ్యదేనని పోల్చుకోవడానికి ఆమెకి క్షణం పట్టింది. "నేనే వేశాను. అలా దూరం నుంచి చూస్తే ఎలాగ? ఇలా రండి."

రెండు చిప్పల్నీ చేర్చి, తోక అతికేలా పట్టుకుని, డాక్టరుగారి ముక్కు కింద పెట్టాడు. డాక్టరు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు పరీక్షించారు.

"పిల్లే," అని ఒప్పుకున్నారు చివరికి. "కాకపోతే ఈ తోక కొంచెం..."

"తోక తాత బాగానే వేశాడు," అంది పాప, బల్ల మీద నుంచి కొత్త కాలు కిందికి దించుకుంటూ. "తప్పంతా రంపానిదే."