గురువుకు విడిచిన కన్ను

అల్ ఐన్ నుంచి దుబాయ్‌కి షేర్ టాక్సీలో వస్తున్నాను. నేను నెల రోజులు కూర్చుని గీసిన ప్లాను కింద ఆ పొద్దున్నే మా ముదీర్, అంటే మేనేజరు, తన సంతకం పెట్టుకున్నాడు. ఒళ్లు మండిపోతోంది.

పక్కనున్నతని గోళ్లనిండా పెయింటు. ఒళ్లో ఒక ఇంగ్లీషు పత్రిక కాగితం పరుచుకుని, "కింద ఏం రాసిండ్రు సార్? జర చదువుండ్రి," అన్నాడు. సిలువ మీద క్రీస్తు బొమ్మ. తల వాలి, జుట్టు జారి, సగం ముఖం కప్పేసింది.

"ఎవడో స్పెయినువాడు వందేళ్ల కింద గీశాడు. అంతకు రెండొందల ఏళ్ల ముందు ఒకాయన గీసిన బొమ్మ మీద భక్తితోనట! భక్తేమిటి, నకలు. కష్టం ఒకడిది, పేరు ఇంకొకడిది," అన్నాను కసిగా.

అతనికీ కోపమొచ్చింది. "గట్లనకుండ్రి. మాది చేర్యాల, పటాలు గీసే ఇల్లు. బొమ్మంత మేం గీస్తం, కండ్లు దిద్దుడు మాత్రం గురువుకే ఇడిచిపెడ్తం. ఈయన గూడ గురువు కోసం ఒక కన్ను ఇడిచిండు, సూడుండ్రి."

ఆ ధీమాకి నాకు ఇంకా మండింది. పాత బొమ్మ నేను పుస్తకంలో చూశాను. "నీ మొహం! ఆ గురువు గీసినదాంట్లోనే జుట్టు అలా కప్పేసి ఉంది," అని అరిచాను. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

అతను కాగితాన్ని కళ్లకద్దుకుని మడిచాడు.

"గట్లనా? అంటే ఆయనకు గూడ ఒక గురువున్నడు."

బర్ దుబాయ్‌లో దిగిపోయాను. ముదీర్ మీద కోపం ఇప్పటికీ పోలేదు. కానీ నాకు గీత నేర్పినాయన పేరు ఆ రోజుదాకా నేనూ ఎవరికీ చెప్పి ఎరగను.