అర్జీ మీద ఎవరి పేరు

మొన్న రాయపూర్ శంకర్ నగర్‌లోని ఒక కళాశాలలో జరిగిన వాదోపవాద పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ఒక అమ్మాయి ఉదయం ఒక అంశానికి అనుకూలంగానూ, మధ్యాహ్నం అదే అంశానికి ప్రతికూలంగానూ మాట్లాడి, రెండుసార్లూ సభను మెప్పించింది. ఆమెకే ఎక్కువ మార్కులు వేశాను గాని, వేస్తున్నంతసేపూ మనసులో కొంచెం జాలి కలిగింది. ఆ విద్య నాకూ వచ్చు. అది వేదిక దిగి మనతోపాటు ఇంటికి వస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

మా నాన్నగారు రాయపూర్‌లో రైలు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ రిపేర్ షాపులో పనిచేస్తూ గుండెపోటుతో పోయేనాటికి నేను బి.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. ఉద్యోగంలో ఉండగా పోయినవారి కుటుంబంలో ఒకరికి రైల్వేవారు ఉద్యోగం ఇస్తారు. ఆ ఒకరు నేనేనని పదో రోజు గడవకముందే బంధువులందరూ తేల్చేశారు. చిక్కేమిటంటే, ఉద్యోగం వారసత్వంగా రాకూడదని అంతకు ఏడాది ముందే కళాశాలలో ఆవేశంగా వాదించి ఒక కప్పు గెలుచుకున్నాను. దాన్ని టీవీ మీద పెట్టి, వచ్చినవారందరికీ చూపించింది నాన్నగారే. పైగా వేరే ఊరు వెళ్లి న్యాయశాస్త్రం చదవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఉద్యోగం కాదంటే రైల్వే క్వార్టరు ఖాళీ చేయాలి. అప్పుడు అమ్మా నేనూ ఎక్కడ ఉండాలో తెలియదు. ఔనంటే చదువూ, నేను నమ్మిన మాటా రెండూ పోతాయి.

నాకు తెలిసిన పద్ధతిలోనే నిర్ణయించుకోవాలని ఒక నోటుపుస్తకం తీశాను. ఎడమ పేజీ ఉద్యోగానికి, కుడి పేజీ చదువుకు. వంటింటి గడప మీద కూర్చుని రెండూ పైకి చదివేదాన్ని. అమ్మ బీరకాయల చెక్కు తీస్తూ వినేది. ఏ పక్షం చివర మాట్లాడితే ఆ పక్షమే గెలిచేది. ఓడిన పక్షానికి మరునాడు మరో అవకాశం ఇవ్వడం ధర్మమనిపించేది. ఈ విధంగా నాలుగు నెలలపాటు నేను ఏ పక్షానికీ అన్యాయం చేయలేదు. ఉర్లాలో ఉక్కు కర్మాగారంలో పనిచేసే మా చిన్నాన్న ఆదివారాలు వచ్చి, "ఏటమ్మా జడ్జిగారూ, ఫైసలా ఈ జన్మలో వస్తాదా?" అని ఎగతాళి చేసేవాడు. "ఉండు బాబూ, ఇంకా ఎడం పేజీలోనే ఉంది" అనేది అమ్మ, తల ఎత్తకుండా.

చివరికి ఒక ఉదయం, ఇలాంటి కుటుంబాల అర్జీలు చూసే వెల్ఫేర్ ఇన్స్పెక్టర్ కాగితాలతో స్వయంగా ఇంటికే వచ్చారు. మంచినీళ్లు తాగి, కలం మూత తీసి, పేరు చెప్పమన్నారు. ఇంకా ఆలోచిస్తున్నానన్నాను. ఆయన నిట్టూర్చి అమ్మ వైపు తిరిగారు. "భాభీజీ, పహలా హక్ తో ఆప్‌కా హై" అన్నారు. మొదటి హక్కు భార్యదేనట. కూతురి కోసం వదులుకుంటే ఆ సంగతి రాసి సంతకం చేయాలట.

అమ్మ తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ నిలబడిపోయింది. "నాదా?" అంది. ఆ తరువాత నా వైపు చూసి, "నాలుగు నెల్ల బట్టి రెండు పక్కలా నువ్వే మాటాడతన్నావు. నన్నొక్కపాలి అడిగేవేటే?"

నిజం చెప్పాలంటే నేను వెంటనే సంతోషించలేదు. అమ్మకు హిందీ చదవడం అంతంతమాత్రమన్నాను, షాపు నిండా మగవాళ్లే అన్నాను, ఈ వయసులో ఎందుకన్నాను, చివరికి వారసత్వపు ఉద్యోగం తప్పని కూడా అన్నాను. నా జీవితంలో ఒకే పక్షాన అంత ధారాళంగా మాట్లాడింది అప్పుడే.

"అయిపోయిందా?" అంది అమ్మ. "టెన్త్ పాసయ్యేను. సబ్జీవాలాతో ఇరవయ్యేళ్లుగా ఏ భాషలో దెబ్బలాడతన్నాననుకున్నావు? ఆ షాపు సైరన్ మోగకముందే లేచి రోజూ అన్నం డబ్బా కట్టేను. అందులో నా పని లేదేటి? మీ నాన్న పోయిన కాణ్ణించి అందరూ నీ బతుకు గురించే మాటాడతన్నారు. నానూ బతకాల కదే."

మా తెలుగు ఒక్క ముక్కా అర్థంకాని ఇన్స్పెక్టర్ గారు, "ఫైసలా హో గయా?" అని అడిగారు.

"హో గయా. లిఖియే" అని, రాసుకోమంటూ అమ్మ తన పేరు చెప్పింది.

టెన్త్ సర్టిఫికెట్టు కావాలన్నారాయన. మంచం కింది ట్రంకుపెట్టె లాగబోయాను. అమ్మ వంటింట్లోకి వెళ్లి, బియ్యం డబ్బా వెనకనుంచి సర్టిఫికెట్టు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కొత్త ప్లాస్టిక్ కవరులో ఉంది. ఎప్పుడు తీసిపెట్టావని అడిగాను.

"మీ నాన్న పదో రోజు అయిన వారానికే. అడుగుతావేమోనని."

అమ్మ ఆ షాపు ఆఫీసులోనే పనిలో చేరింది. క్వార్టరు మాకు మిగిలింది. నేను లా చదువుకు వెళ్లాను. ఆ నాలుగు నెలలూ నా ఒక్కదాని కాలమేననీ, దాన్ని ఎంత సాగదీసినా పోయేది నాదేననీ అనుకున్నాను. వంటింట్లో, నాకు రెండు అడుగుల దూరంలో, అమ్మ రోజులు కూడా అందులోనే గడిచిపోయాయి.