నా నోట విన్న మాట

బళ్లారి జిల్లా సిరుగుప్పలో కాలువ గట్టు పొడుగునా రేకుల ఇళ్లు ఉండేవి. వరి నాట్లకూ రైస్ మిల్లులకూ కూలికి పోయే తెలుగువాళ్లవి. మా పార్టీ తరఫున ఆ వీధికి కార్యకర్తను నేను. జీతం లేదు, పదవి లేదు. మిల్లులో నా పని అయ్యాక ఇంటింటికీ తిరగడం, పింఛను ఆగినవాళ్లను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోవడం, ఎన్నికల రోజు బూత్‌లో కూచోవడం. "లీడరొచ్చినాడప్పా" అని వీధివాళ్లు ఎగతాళి చేసినా నాకు సంతోషంగానే ఉండేది.

వీధి మొదట్లో ఒక పెద్దమ్మ ఇడ్లీలు అమ్మేది. మాకు చుట్టమేమీ కాదు. మా అమ్మ చనిపోయిన ఏడాది, బడికి పోతున్న నన్ను "ఏరా, తిన్న్యావా?" అని పిలిచి పెట్టింది. నాకు పెళ్లయి పిల్లలు పుట్టినాక కూడా పొద్దున ఆమె పొయ్యి దగ్గర కాసేపు కూచునే మిల్లుకు పోయేవాణ్ణి.

పోయిన ఎన్నికలప్పుడు మా అభ్యర్థి గట్టు మీదికి ప్రచారానికొచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. గట్టువాళ్లకు కన్నడం రాక కాదు, సంతలో అదే మాట్లాడతారు. కానీ ఇంటి సంగతులు తెలుగులో చెప్తేనే వాళ్ల మనసుకు పట్టేది. అందుకని మైకు నాకిచ్చారు.

"నిమ్మ మనెగళిగె హక్కుపత్ర కొడస్తీని" అన్నాడాయన.

"మీ ఇండ్లకు పట్టాలిప్పిస్తాడు. ఇంక మిమ్మల్ని ఈడనుంచి ఎవరూ కదిలించరు" అని నేను చెప్పినా. రెండో మాట ఆయన అనలేదు, నేనే కలిపినా. చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

ఆయన గెలిచాడు. కొన్నాళ్లకు, కాలువ వెడల్పు చేస్తాం, ఇళ్లు ఖాళీ చేయండని నోటీసులొచ్చాయి. బస్సెక్కి బళ్లారి పోయి, కంటోన్మెంట్‌లో ఆయన ఇంటి ముందు పొద్దుగూకేదాకా నిలబడినా. కారెక్కబోతూ నా భుజం తట్టి, "నోడోణప్పా, నాను మాతాడ్తీని" అన్నాడు. చూద్దాం, మాట్లాడతానన్నాడు కదా అని ధైర్యంగా తిరిగొచ్చినా. వచ్చి పెద్దమ్మకు చెప్పినా.

"నువ్వు చెప్పినాక ఇంకేముండాది" అంది. పక్కవాళ్లు సామాన్లు సర్దుకుంటుంటే ఆమె పొయ్యి అరుగుకు కొత్తగా సిమెంటు పూయించింది.

జేసీబీ వచ్చిన పొద్దున ఆయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మా పార్టీ టౌన్ అధ్యక్షుడు మాత్రం ఎత్తాడు. "పక్కకు రాప్పా, పార్టీకి చెడ్డపేరు తేవద్దు" అన్నాడు. నేను పోయి మిషన్ ముందర నిలబడినా. పోలీసులు రెక్క పట్టి అవతలికి తీసుకుపోయారు. అవతలి పార్టీ కార్యకర్త, బూత్‌లో నాతో కొట్లాడేవాడు, పెద్దమ్మ ఇంట్లోంచి గిన్నెలు మోసుకొచ్చి రోడ్డు పక్కన పెడుతున్నాడు. నాకేసి చూసి మళ్లీ లోపలికి పోయాడు.

రేకులు కూలుతుంటే పెద్దమ్మ నన్ను అడిగింది. "ఏందప్పా ఇది? ఆయప్ప ఏం చెప్పినాడో నాకెట్ల తెలుస్తాది? నీ నోట విన్న్యా నేను."

"మా ఇంటికి రా పెద్దమ్మా" అన్నా. తల అడ్డంగా ఊపింది. తెక్కలకోటలో కూతురి దగ్గరికి పోయింది.

ఆ వారంలోనే పార్టీ పని మానుకున్నా. ఎవరూ ఎందుకని అడగలేదు. ఇంకొకరిని పెట్టుకున్నారు.

కొన్ని నెలలు పోయాక ధైర్యం చేసి తెక్కలకోటకు పోయినా. చిన్న ఇల్లు. పెద్దమ్మ గుమ్మంలో కూచుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి గబగబా లేచి, కొంగు సర్దుకుని, లోపలినుంచి కుర్చీ తెచ్చి వేసింది.

"కూచోండి" అంది. "టీ తాగుతారా?"

వెనకున్న కూతురు నవ్వుతుందేమో, తమాషాకు అన్నదేమో అని చూసినా. తమాషా కాదు. ఆఫీసునుంచి వచ్చినవాళ్లతో మాట్లాడినట్టే, నేల చూస్తూ మాట్లాడింది. గట్టు సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. టీ తాగి, "పోయొస్తా పెద్దమ్మా" అన్నా.

"మంచిదండి" అంది.

ఇంటికొచ్చాక, పెద్దమ్మ ఎట్లుండాదని నా భార్య అడిగింది. బాగుండాదని చెప్పి, పెరట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చినా.