చూపుడువేలికి ఉప్పు కాపడం

పోయిన నెల తిఫ్రా ఫ్యాక్టరీలో మిషన్‌లో పడి తెగిపోయిన మా ఆయన చూపుడువేలిని డాక్టర్లు గంటల తరబడి కష్టపడి అతికించారు. "స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. కాలినా తెలియదు, వేడి తగలనివ్వకండి" అని చెప్పి పంపారు. మా రైల్వే క్వార్టర్లలో పక్కింటి పిన్నిగారు ఒకరున్నారని వాళ్ళకి తెలియదు పాపం.

ఈ రోజు మధ్యాహ్నం నేను పెరట్లో బట్టలు తీసి వచ్చేసరికి, ఆవిడ మా స్టవ్ మీదే ఉప్పు వేయించి, గుడ్డలో మూట కట్టి, ఆ వేలికి కాపడం పెడుతున్నారు.

"వేడి తెలుస్తందేటి నాయనా?"

"ఏటీ తెలీడం నేదు పిన్నీ."

"అచ్ఛా, అయితే వేడి చాల్లేదు. ఇంకాస్త కాసి తెస్తానుండు."

నేను మూట లాగేసేసరికే వేలి మీద బొబ్బ లేచింది. డాక్టరు చెప్పింది మర్చిపోయారా అని అడిగితే, "పెద్దావిడ, వద్దంటే నొచ్చుకోదూ?" అన్నారు మా ఆయన. నిజమే, వేలిదేముంది, డాక్టర్లు మళ్ళీ అతికిస్తారు.

ఆస్పత్రిలో తిట్లు తిని ఇప్పుడే వచ్చాం. పైచర్మమే కాలిందట, వేలు దక్కింది. గేటు దగ్గర ఎదురైన పిన్నిగారికి బొబ్బ సంగతి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"చూసావేటమ్మా! బొబ్బ లేచిందంటే వేలికి పేణం ఉన్నట్టే. రేపు ఆముదం కాసి తెస్తాను."

ఆవిడ నొచ్చుకోకుండా ఆపే ఉపాయం తెలిస్తే తెల్లారేలోగా చెప్పండి. మా ఆయన అప్పుడే "సరే పిన్నీ" అనేశారు.