ఎడమకాలి పని

మోకాలి ఆపరేషన్ చేయించుకున్న డ్రైవరుకి మతి చలించిందని లారీల యార్డంతా చెప్పుకున్నారు. మొదట ఆ మాట పుట్టించింది గేటు పక్కన పంక్చర్లు వేసే ఆయన.

"నా కళ్ళతో చూశాను. ఇంజిన్ ఆపేసి ఉంది. ఈయనేమో పైన కూర్చుని స్టీరింగ్ తిప్పుతున్నాడు, గేర్లు మారుస్తున్నాడు. మధ్యలో ఆగుతాడు, అద్దంలోకి చూస్తాడు, మళ్ళీ బయల్దేరతాడు. బండి మాత్రం అంగుళం కదిలితే ఒట్టు!"

విన్నవాళ్ళు ఊరుకుంటారా? మత్తుమందు తలకెక్కిందని ఒకరన్నారు. మోకాలు మార్చబోయి నరమేదో కోసేశారని ఇంకొకరు. నాలుగు నోళ్ళు తిరిగాక కథ ఒక రూపానికి వచ్చింది. ఇక పనికిరాడని ఓనరు తాళం లాక్కున్నాడట, పాపం ఉండబట్టలేక వచ్చి ఆగిన బండిలో కూర్చుని ఆడుకుంటున్నాడట.

యార్డులో ఆయన్ని నిదానం అని పిలుస్తారు. అది వెక్కిరింపూ కాదు, పొగడ్తా కాదు. వెనకనుంచి ఎవడైనా బురద చిమ్ముకుంటూ దాటిపోతే హారన్ కొట్టడు. "పోనీలే, వాడికేం తొందరో" అంటాడు. అద్దం తుడుచుకుని తన దారిన తాను పోతాడు.

మోకాలి నొప్పి నిన్నమొన్నటిది కాదు. ఎడమ మోకాలు, అంటే క్లచ్ తొక్కే కాలు. మొదట్లో కేబిన్ దిగేటప్పుడు కలుక్కుమనేది, అంతే. తర్వాత వీపు బయటికి పెట్టి, నిచ్చెన దిగినట్టు దిగడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా ప్రాణం పోయి వచ్చేది.

అప్పుడు ఒక ఉపాయం పట్టాడు. ఇంజిన్ చప్పుడు విని, అది సరిగ్గా ఏ స్థాయికి దిగినప్పుడు గేరు కడ్డీని నెట్టాలో తెలిస్తే, క్లచ్ తొక్కకుండానే గేరు పడుతుంది. ఖాళీ రోడ్డు మీద ఊరూరా అలాగే నడిపాడు. ఆగాల్సిన చోటికి దూరంనుంచే గేరు తీసేసి, బండిని దొర్లించి ఆపేవాడు. మళ్ళీ కదలాలంటే ఇంజిన్ ఆపి, గేరు వేసి, తాళం తిప్పేవాడు. ఎడమకాలు పక్కన చాపుకుని, పెళ్ళికొచ్చిన చుట్టంలా తీరిగ్గా ఉండేది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. డ్రైవరుకి కాలు పోయిందని తెలిస్తే బండి ఎవరిస్తారు?

ఇంట్లో మాత్రం దాచడం కుదరలేదు. నేలమీద కూర్చుని అన్నం తినే మనిషి కుర్చీకి మారడం భార్య చూసింది. స్నానాల గదిలో కుళాయి పట్టుకుని లేస్తే అది వదులైపోవడమూ చూసింది.

"మోకాలు ఎలా ఉంది?" అంది ఒకరోజు.

"ఉంది."

"ఉందని నాకూ తెలుసు. ఎలా ఉందని అడిగాను."

మర్నాడు దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి, మోకాలు మార్చడం తప్ప దారిలేదు, ఆ తర్వాత కొన్ని నెలలు లారీ ఎక్కకూడదు అన్నాడు డాక్టరు. ఆయనకి ఆపరేషన్ అంటే భయం లేదు. ఆ కొన్ని నెలల మాటే గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

భార్య తమ్ముడూ డ్రైవరే. చేతిలో బండి లేక ఖాళీగా ఉన్నాడు. "నువ్వొచ్చేదాకా నేను చూసుకుంటాలే బావా. నీ సీటు కూడా కదపను" అన్నాడు.

"నీ కాళ్ళు పొట్టి కదరా, కదపకపోతే బ్రేకెలా అందుతుంది?"

"అయితే కదిపి, మళ్ళీ సర్దిపెడతా."

ఆయన నవ్వాడు గానీ, మొదటిసారి ఆ బండి తను లేకుండా గేటు దాటిన సంగతి విన్న రోజు అన్నం సరిగా తినలేదు.

ఆపరేషన్ అయ్యాక వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, "దీన్ని కిందికి నొక్కండి అంకుల్" అంది. ఆయన ముఖమంతా బిగించాడు. తువ్వాలు ఉన్నచోటే ఉంది.

"లారీ నడుపుతారు కదా? క్లచ్ అనుకుని తొక్కండి."

"క్లచ్ తొక్కడం మానేసి ఏడాది దాటిందమ్మా" అన్నాడు నొప్పిలో నోరుజారి.

గుమ్మం దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ భార్య అది వింది. అమ్మాయి వెళ్ళేదాకా ఆగింది.

"మరి ఇన్నాళ్ళూ బండి ఎలా నడిచింది?"

"చెవులతో."

"ఇంట్లో నేను చెప్పేవి వినపడని ఆ చెవులతోనేనా?" అంది. నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. ఫ్లాస్కు మూత తీసి, మళ్ళీ పెట్టి, అవతలికి వెళ్ళిపోయింది.

నెలలు గడిచాయి. వాకరు పోయి చేతికర్ర వచ్చింది, చేతికర్ర కూడా తలుపు మూలకి చేరింది. మోకాలు చక్కగా వంగింది. డాక్టరు తట్టి చూసి, ఇక బండి ఎక్కొచ్చన్నాడు. సరిగ్గా అప్పుడే ఓనరుకి దూరపు లోడు తగిలింది. "పెద్దాయనా, నువ్వే వెళ్ళాలి. ఒకసారి యార్డులో తిప్పి చూపించు, రేపే బయల్దేరుదువుగాని" అన్నాడు.

ఆయన నొప్పి లేకుండా కేబిన్ ఎక్కాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు. ఇంజిన్ పలికింది. యార్డు చుట్టూ తిప్పుతుంటే చేతులు వాటంతటవే పనిచేసుకుపోయాయి. గోడ దగ్గర బామ్మర్ది నిలబడి, రా రా అని చేత్తో సైగ చేస్తున్నాడు. చాలు, ఆగు అన్నట్టు అరచెయ్యి చూపించాడు. ఆయన బ్రేకు తొక్కాడు. ఎడమకాలు మాత్రం కదల్లేదు. పక్కన తీరిగ్గా చాపుకునే ఉంది. క్లచ్ తొక్కకపోయేసరికి, గేరులో ఉన్న బండి ఒక్క ఊపు ముందుకి ఊగి, దగ్గి, ఆగిపోయింది. బామ్మర్ది పక్కకి దూకకపోతే గోడకీ బంపరుకీ మధ్య ఉండేవాడు.

"ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు బామ్మర్ది ప్యాంటు దులుపుకుంటూ. "నేనే మరీ దగ్గరగా నిలబడ్డాను బావా." వాడి పెదవులు తెల్లబడి ఉన్నాయి.

ఓనరు కూడా తేలిగ్గా కొట్టిపారేశాడు. "చాలా రోజులైంది కదా, అంతే. రోడ్డెక్కితే అదే వస్తుంది. రేపు పొద్దున్నే వచ్చెయ్."

అక్కడ తలూపేస్తే సరిపోయేది. బండి ఆయనది అయ్యేది. ఇన్ని నెలలుగా పగలూ రాత్రీ కోరుకున్నది అదే. కాదంటే, బండి బామ్మర్ది చేతిలోనే ఉండిపోవచ్చు, ఓనరు మనసూ మారిపోవచ్చు. ఆయన గోడవైపు చూశాడు. బామ్మర్ది కుర్రవాడు, డ్రైవరు, బండి ఎటు వస్తుందో తెలిసినవాడు కాబట్టి దూకాడు. రోడ్డు మీద ఎదురుగా ఉండేవాళ్ళకి దూకాలని తెలియదు.

వీపు బయటికి పెట్టి మెల్లగా దిగాడు. అలవాటు.

"రేపు రాలేను సార్" అన్నాడు.

"ఏం, నొప్పా?"

"నొప్పి లేదు. కాలు బాగానే ఉంది. దానికి దాని పని గుర్తులేదు."

"కాలికి గుర్తేంటయ్యా? ఎంతకాలం మరి?"

"నేను చెప్పకుండా తనే క్లచ్ మీదికి వెళ్ళేదాకా."

ఓనరుకి చిరాకేసింది. "నేనెన్నాళ్ళని చూస్తాను? లోడు ఆగుతుందా?"

"ఆగదు. వాణ్ణి వెళ్ళనివ్వండి" అని బామ్మర్దిని చూపించాడు.

అప్పట్నుంచి బండి ఎప్పుడు లోడు దించుకుని యార్డుకి చేరితే అప్పుడు ఆయన వచ్చేవాడు. బామ్మర్ది ఇంటికెళ్ళి పడుకుంటే, ఈయన పైకెక్కి కూర్చునేవాడు. ఇంజిన్ మోగితే చెవులు ముందుపడతాయి, కాలు మళ్ళీ బద్ధకిస్తుంది. అందుకే ఇంజిన్ జోలికి వెళ్ళేవాడు కాదు. లేని మలుపులు తిప్పేవాడు, లేని సిగ్నళ్ళ దగ్గర ఆగేవాడు. ఆగిన ప్రతిసారీ రెండు కాళ్ళూ.

ఒకరోజు భార్య టిఫిన్ డబ్బా తెచ్చింది. కాసేపు కింద నిలబడి చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు దోపుకుని, రెండోవైపు ఎక్కి పక్కసీట్లో కూర్చుంది. ఆ ఎత్తునుంచి లోకాన్ని చూడడం ఆమెకి అదే మొదలు.

"ఎక్కడిదాకా వచ్చాం?" అంది.

"ఊరు దాటాం. అన్నీ చెట్లే."

ఆమె బుద్ధిగా రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది. ఎదురుగా ఉన్నది టైర్ల గుట్ట. ఆయన గేరు మార్చాడు. ఉన్నట్టుండి ఆమె "పిల్ల! పిల్ల అడ్డమొచ్చింది!" అని అరిచింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. తేరుకుని కిందికి చూసుకునేసరికి రెండు పెడళ్ళూ అడుగుదాకా నొక్కి ఉన్నాయి. ఎడమది కూడా.

"కాలు వెళ్ళిందా?" అంది ఆమె.

"వెళ్ళింది."

"అయితే ఇంజిన్ వేసి చూడండి."

"ఒకసారి వెళ్తే చాలదు" అన్నాడాయన. "అరవడానికి ప్రతిసారీ నువ్వుండవుగా. ఇంకొన్నాళ్ళు."

ఆమె డబ్బా మూత తీసింది. వాళ్ళిద్దరూ కదలని బండిలో కూర్చుని తినడం కూడా పంక్చర్ల ఆయన చూశాడు, దానికీ రెండు మాటలు కలిపి చెప్పాడు.

ఓనరు తాళం లాక్కోలేదు. బండి యార్డులో ఉన్నంతసేపూ అది ఆయన చొక్కా జేబులోనే ఉండేది.